కడుపు నొప్పిని ఒప్పుకోని కిటికీ

మా పెదనాన్న ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో ‘కడుపు’ అనే మాటను ఒక్కసారి కూడా కాగితం మీద పెట్టలేదు. ఆయన పని ఆసుపత్రి మొదటి కిటికీ వెనక కూర్చుని రోగులకు చీటీలు రాయడం. వచ్చేవారిలో మూడో వంతు మంది కడుపు నొప్పితోనే వస్తారు. కాబట్టి ఈ వ్రతం ఎంత కఠినమైనదో ఊహించుకోవచ్చు.

“కడుపు నొప్పండీ” అని రోగి అనడమే ఆలస్యం, ఆయన కలం కింద పెట్టేవారు.

“కడుపు అనే అవయవం లేదు బాబూ. అది ఒక పేట. ఆ పేటలో ఎవరింట్లో గొడవో చెప్పాలి. జీర్ణాశయమా, ఆంత్రమూలమా, కాలేయమా, క్లోమమా?”

“నాకేం తెలుసండీ, లోపల మెలిపెడుతోంది.”

“మెలిపెట్టడం పేగు పని. చిన్నదా, పెద్దదా?”

“అయ్యా, మా వంతు వచ్చేలోపు మా పేగులు ఎండిపోయేలా ఉన్నాయి!” అని వెనక నుంచి ఎవరో అరిచేవారు.

“ఎండవు. అక్కడ ఎప్పుడూ తడే” అని ఆయన తల ఎత్తకుండానే భరోసా ఇచ్చేవారు.

ఆసుపత్రిలో ఆయనను ‘పేగుల పంతులు’ అనేవారు. నేను అక్కడి ప్రయోగశాలలో ఉద్యోగానికి చేరిన రోజున నర్సులు నన్ను ‘పేగుల పంతులు గారి తమ్ముడి కూతురు’ అనే పరిచయం చేసుకున్నారు. నా అసలు పేరు వారికి తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇంట్లో ఆయన ధోరణి ఇంకా ముదిరి ఉండేది. పెరట్లో బట్టలు ఆరేసే తాడును ఆయన సరిగ్గా ఆరు మీటర్లకు కత్తిరించి కట్టారు. ఎందుకు ఆరు అని పక్కింటావిడ అడిగితే, “మనిషి చిన్నపేగు దాదాపు అంతే ఉంటుందమ్మా” అని జవాబిచ్చారు. ఆమె ఆ తరువాత మా తాడు మీద తన దుప్పటి ఎన్నడూ ఆరేయలేదు.

పెద్దమ్మకు కోపం వస్తే సంభాషణ ఇలా సాగేది.

“మీతో వేగలేక నా కడుపు మండిపోతోంది!”

“భోజనానికి ముందా, తరవాతా?”

“పెళ్ళైన దగ్గర్నుంచీ!”

“అయితే దీర్ఘకాలికం” అని ఆయన గంభీరంగా తల పంకించేవారు.

ఒకసారి పెద్దమ్మ తన కొడుకును వెనకేసుకొస్తూ, “పేగు తెంచుకు పుట్టినవాడండీ, నాకు ఉండదా ప్రేమ?” అంది. పెదనాన్న చాలాసేపు ఓర్చుకున్నారు. చివరకు ఓర్చుకోలేక, “అది పేగు కాదే, బొడ్డుతాడు. పేగే తెగి ఉంటే నువ్వు ఇలా దెబ్బలాడేదానివా?” అన్నారు. ఆ పూట ఆయన వంటా వడ్డనా తానే చేసుకున్నారు.

ఈ వైభవానికి గండం కొత్తగా వచ్చిన పరిపాలనాధికారి రూపంలో వచ్చింది. ఆయన వైద్యుడు కాదు; లెక్కల మనిషి. పొద్దున నుంచి సాయంత్రం దాకా నిలబడే పనిచేసేవారు. సమావేశాలలో మేమంతా కూర్చుంటే ఆయన కిటికీ పక్కన నిలబడి మాట్లాడేవారు. ఆ చురుకుదనాన్ని మెచ్చుకుని సిబ్బంది ఆయనకు ‘నిలువు గడియారం’ అని పేరు పెట్టారు.

ఒకనాడు ఆయన నన్ను పిలిపించారు.

“ఏమ్మా, నువ్వు కొలతల్లో ఖచ్చితమైన మనిషివట. మొదటి కిటికీలో, రెండో కిటికీలో చీటీకి ఎంతసేపు పడుతోందో రెండు రోజులు కూర్చుని తేల్చు. పదిహేను రోజుల్లో నివేదిక కావాలి. తేడా ఎక్కువుంటే మీ పెదనాన్నగారిని దుప్పట్ల గదికి మార్చేస్తాను. అక్కడ ఎవరికీ నొప్పులుండవు.”

నేను తిరస్కరించి ఉండవచ్చు. కానీ కొలవమంటే కొలవకుండా ఉండే శిక్షణ నాకు లేదు.

మొదటి రోజు ఎనిమిది నుంచి పన్నెండు వరకు రెండో కిటికీలో మూడు వందల చీటీలు తెగాయి. చీటీకి నలభై ఎనిమిది సెకన్లు. మా పెదనాన్న కిటికీలో యాభై ఏడు. చీటీకి నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం విని పెద్దమ్మే అడిగింది.

“దుప్పట్ల గది ఏ వైపే? కిటికీ ఉందా దానికి?”

“లేదు పెద్దమ్మా.”

“కిటికీ లేకపోతే ఆయనకి ఊపిరాడదే” అంది ఆమె, అంత మండిన కడుపుతోనే.

రెండో రోజు పదిన్నరకు, నేను కిటికీ లోపల పెదనాన్న పక్కన కూర్చుని ఉండగా, ఒకామె వచ్చింది. కుట్టుపని నేర్పే టీచరు. వేలి మీద సూది పోట్ల మచ్చలున్నాయి. “కడుపు నొప్పండీ” అని నేల చూపులు చూసింది. పెదనాన్న కూర్చోమని స్టూలు చూపించారు. ఆమె కూర్చోలేదు. ఆయన ఒక్క క్షణం ఆమెను, ఒక్క క్షణం స్టూలును చూశారు. తరువాత నేను ఎన్నడూ గమనించని పని చేశారు. కిటికీ చెక్క తలుపును సగం మూశారు. వెనక వరుసకు ఇక ఏమీ కనబడదు, వినబడదు.

సొరుగులోంచి ఒక అట్టబొమ్మ తీశారు. మనిషి ఆకారం, నోటి నుంచి కిందిదాకా ఎర్ర సిరాతో గీసిన గొట్టం. పెన్సిలు దాని నోటి దగ్గర పెట్టారు.

“ఇది బస్సమ్మా. నేను కండక్టర్ని. ఒక్కో స్టాపు పేరూ పిలుస్తాను. నీ స్టాపు రాగానే ‘ఆపండి’ అను. ఇంకేం చెప్పక్కర్లేదు. ఆస్యకుహరం... గ్రసని... ఆహారవాహిక...”

ఆమె ముఖం మీద చిన్న నవ్వు వచ్చింది. పెన్సిలు కదిలింది.

“జీర్ణాశయం. ఆంత్రమూలం. చిన్నపేగు, ఇది చాలా దూరం, కాస్త ఓపిక పట్టాలి. పెద్దపేగు. దాని చివర పురీషనాళం...”

“ఆపండి” అంది ఆమె, దాదాపు వినబడకుండా.

“ఎరుపు కనబడుతోందా?”

ఆమె తల ఊపింది. ఆయన చక్కని నీలి అక్షరాలతో రాసి చీటీ మడిచి ఇచ్చారు. “డాక్టరు గారికి ఇది ఇస్తే చాలు. లోపల ఎంతమంది ఉన్నా నువ్వు నోరు విప్పక్కర్లేదు.”

ఆమె వెళ్ళాక నేను గడియారం చూడటం మరిచిపోయానని గుర్తించాను. నా వృత్తిజీవితంలో అది మొదటిసారి.

“పెదనాన్నా, ఈ పెద్ద పెద్ద మాటలన్నీ ఇందుకా?”

“మామూలు మాటలకి సిగ్గు అంటుకుని ఉంటుందే అమ్మడూ. ఈ మాటలకి దాన్ని ఇంకా ఎవరూ పూయలేదు. నలుగురిలో అన్నా ఎవరూ నవ్వరు.” కలానికి మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. “మీ నాన్నమ్మ మూడేళ్ళు ‘కడుపు నొప్పి’ అనే అంది. డాక్టరు రాసుకున్నాడు. తెల్ల మాత్రలిచ్చాడు.” ఆ తరువాత తలుపు పూర్తిగా తెరిచి, “తరవాతెవరు?” అన్నారు.

పదకొండో రోజున నా ప్రయోగశాలకు ఒక సీసా వచ్చింది. అందులో బఠాణీ గింజంత కణితి. డాక్టరు కాగితానికి ఆ నీలి అక్షరాల చీటీ గుచ్చి ఉంది. సూక్ష్మదర్శిని కింద మూడుసార్లు చూశాను. క్యాన్సరు ఇంకా మొదలవలేదు. మరో రెండేళ్ళు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. టీచరు మళ్ళీ తన కుట్టుమిషను ముందు కూర్చుంది.

నివేదికలో నా అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాను. దాచలేదు. అయితే గత నెల రిజిస్టర్లలో మొదటి కొన్ని పుటలు నమూనాగా తిరగేసి ఒక వరుస అదనంగా చేర్చాను. ఆ పుటల్లో రెండో కిటికీ నుంచి ‘కడుపు నొప్పి’ చీటీతో వెళ్ళినవారు అరవై రెండు మంది. నెల తిరక్కుండా అదే నొప్పితో మళ్ళీ వచ్చినవారు పందొమ్మిది మంది. మొదటి కిటికీ నుంచి ఆ పేటలోనే ఏదో ఒక ఇంటికి వెళ్ళినవారు అరవై మంది. మళ్ళీ వచ్చినవారు ముగ్గురు. సగం మూసే తలుపు గురించీ, బస్సు గురించీ ఒక పేరా రాశాను.

పరిపాలనాధికారి నివేదికను నిలబడే చదివారు. అంకెల పుట త్వరగా తిప్పేశారు. బస్సు పేరా దగ్గర చాలాసేపు ఆగారు.

“ఆ తలుపు... వేస్తే బయటికి నిజంగా వినబడదా?”

“వినబడదండీ. ఆ తరవాత నేను బయట మూడడుగుల దూరంలో నిలబడి పరీక్షించాను.”

“సరే. నువ్వెళ్ళు.”

మధ్యాహ్నం పన్నెండు దాటి వరుస ఖాళీ అయ్యాక, నిలువు గడియారం గారు మొదటి కిటికీ ముందుకు వచ్చి నిలబడ్డారు. పెదనాన్న స్టూలు చూపించారు. ఆయన దానికేసి శత్రువును చూసినట్టు చూశారు. పెదనాన్న ఇంకేమీ అనకుండా తలుపు సగం వేశారు. కానీ నేను అప్పటికే తలుపుకు లోపలివైపున, మందుల బీరువా చాటున ఉన్నాను. బయటపడే దారి లేదు.

“ఆస్యకుహరం...”

“పంతులు గారూ, అంత మొదటి నుంచి అక్కర్లేదండీ. నాది చివరి స్టాపు.”

“మధ్యలో ఎక్కించుకోవడం ఉండదండీ. గ్రసని...”

దుప్పట్ల గది మాట ఆ ఆసుపత్రిలో మరెన్నడూ వినబడలేదు. మరుసటి నెలలో అధికారి సమావేశానికి వచ్చి, అందరూ చూస్తుండగా, హాయిగా కుర్చీలో కూర్చున్నారు. మొదటి కిటికీకి సహాయంగా మూడో కిటికీ కూడా తెరిపించారు. దానికీ చెక్క తలుపు పెట్టించారు.

ఆ అట్టబొమ్మ ఇప్పుడు నా సొరుగులో ఉంది. ఎర్ర సిరా వెలిసింది. ఆ మధ్యాహ్నం ఆ ఒక్క చీటీకి పట్టిన సమయం పదకొండు నిమిషాల ఐదు సెకన్లు. ఆ అంకెను నేను ఏ నివేదికలోనూ చేర్చలేదు.