గుట్ట మీది గాలి పాఠం

మా ఫిజిక్స్ మేడం పోయిండ్రు. నేను మొయినాబాద్ బస్టాప్ల ఉన్నప్పుడు, నాతోని చదివిన దోస్తు ఫోన్ చేసి చెప్పింది. అంతటితో ఊకుంటే బాగుండు. "పాపం, ఆ రాళ్లగుట్ట అమ్ముకుంటే ఎంత మంచిగ బతుకుతుండెనో" అన్నది. నాకు సుర్రుమన్నది. పాపమేంది? మేడం మంచిగనే బతికిండ్రు.

ఆ గుట్ట వాళ్ల బాపు ఇచ్చింది, మా బడి పక్కనే. ఏటా మా క్లాసును అక్కడికి తోలుకపోతుండిరి. సంచి నిండ బూరుగు దూది. గాలి వచ్చే దిక్కు నిలబెట్టి, పిడికిళ్లు విప్పుమంటుండిరి. దూది గుట్ట ఎక్కి, అవతల దిగి, మల్ల జర లేస్తుండె.

"చూసిండ్రా? కొండ అడ్డమొస్తే గాలి అల లెక్క లేచి దిగుతది. పెద్ద కొండైతే ఆ అల విమానాలు పోయే ఎత్తు కూడ దాటి స్ట్రాటోస్ఫియర్ దాక పోతది."

"మన గుట్ట అల యాడిదాక పోతది మేడం?" అని అడిగిన.

"మన బడి కప్పు దాటితే గొప్ప" అని నవ్విండ్రు. నేను చదివినన్ని రోజులు ఒక్క పింజ కూడ దాటలే.

దక్షిణ ధ్రువం కాడి కొండల గురించి చెప్పేటప్పుడు మేడం గొంతే మారుతుండె. "అక్కడ చలికాలంల ఆ ఎత్తుల అసలే గడ్డకట్టే చలి. అలతోని లేచిన గాలి ఇంకింత సల్లబడ్తది. అప్పుడు ముత్యం రంగు మబ్బులు పుడ్తయి. చూడనీకి ఎంత ముద్దుగుంటయో! ఆ మబ్బుల మీదనే మనం వదిలిన క్లోరిన్ మారి, ఎండ రాంగనే ఓజోన్‌ను తింటది. కింద కొండ ఉన్నదంటే పైన ఆకాశానికి తెలుస్తది."

అప్పటికే గండిపేట దిక్కు విల్లాల కోసం బండలు పేలుస్తుండిరి. బడి కిటికీలు అదురుతుండె. ఒకనాడు, భూములు కొని ప్లాట్లు చేసి అమ్మే వెంచరాయన గుట్ట మీద నడుస్తున్న మా క్లాసుకే వచ్చిండు.

"ధ్రువం ముచ్చట మనకెందుకు మేడం? పిల్లలకు కంప్యూటర్ నేర్పుండ్రి, గుట్ట మాకియ్యుండ్రి."

"కంప్యూటర్ కూడ నేర్పుత. గుట్ట ఇయ్య."

"ఏం పనికొస్తది మీకు?"

"పాఠానికి పనికొస్తది తమ్మీ. జరుగు, గాలికి అడ్డమున్నవ్."

మేడం సొంత తమ్ముడు కూడ అమ్ముమని కొట్లాడిండు. బూరుగు చెట్టు ఆయన పొలంలనే ఉన్నది. అక్కను తిడుతనే ఏటా దూది పంపుతుండె.

మేడం పెండ్లి చేసుకోలే. గుట్ట ఇప్పుడు ఆ తమ్మునిదే. దశదినం నాడు నేను వాళ్లింట్లనే ఉన్న. ఇంకా విస్తర్లు కూడ ఎత్తలే, వెంచరాయన కార్ల దిగిండు. "అన్నా, ఇగ అక్క లేదు గద. సంతకం ఎప్పుడు పెడ్తవ్?"

నేను అదే బడిల ఇప్పుడు ఫిజిక్స్ చెప్తున్న. ఆ గుట్ట పోతే నల్లబోర్డు మీద చాక్‌పీస్‌తోని కొండ గీసి చెప్పాలె. కొట్లాడనీకి లేచిన.

తమ్ముడు లోపలికి పోయి మేడం సంచి తెచ్చి నా చేతుల పెట్టిండు. నిండ దూది.

"బిడ్డా, పిల్లలను ఎప్పుడు తోలుకొస్తవ్?"

"రేపే కాకా."

ఆయన వెంచరాయన దిక్కు తిరిగిండు. "ఇన్నవ్ గద. రేపు పాఠమున్నది. వచ్చే యేడు కూడ ఉన్నది."

తెల్లారి గండిపేట దిక్కు బండలు పేలుతనే ఉన్నయి. మా పిల్లలు పిడికిళ్లు విప్పిండ్రు. దూది గుట్ట ఎక్కింది, అవతల దిగింది. ఒక్క పింజ మల్ల లేసింది. లేసి, బడి కప్పు దాటి పోయింది.