కొరికిన దారం

టైలరమ్మ ముందు పంటికి ఒక గాటు ఉంది. పుట్టుకతో వచ్చింది కాదు. కత్తెర వెతుక్కునే ఓపిక లేక ఏళ్ల తరబడి దారం కొరికి కొరికి తెచ్చుకున్నది. సూదిలోకి ఎక్కించే ముందు దారం కొస నోట్లో తడుపుతుంది, కుట్టు అయ్యాక పంటితో పుటుక్కున తెంపుతుంది. తల్లి పోయేనాటికి తమ్ముడింకా పాలు మరవని పిల్లాడు. వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకునే ఊరందరి చొక్కాలకీ కాజాలు కుట్టింది. వాడు పెళ్లి చేసుకుని వేరు కాపురం పెట్టాక కూడా గుండీ ఊడితే అక్క దగ్గరికే వస్తాడు. పెళ్లాం కుడితే నిలవదంటాడు. ఆ మాటకి ఈవిడ పొంగిపోయేది.

ఆ పొంగు ఎలా దిగిందో చెప్పాలి.

వీధి చివర మందుల షాపులో దొంగతనం జరిగింది. కిటికీ ఊచలు వంచి లోపలికి దూరారు. అడ్డం వచ్చిన ముసలి వాచ్‌మన్‌ని తోసేస్తే మెట్టుకి తల కొట్టుకుని ఆస్పత్రిలో తెలివి లేకుండా పడున్నాడు. ఊచల మధ్య ఒక గుండీ చిక్కుకుంది. దాని దారంలో ఆడమనిషి ఉమ్మి ఉందని ల్యాబులో తేలింది. పోలీసులు వీధిలోని ఆడవాళ్లందరినీ పిలిచి, పుల్లకి చుట్టిన దూదితో బుగ్గ లోపల తుడిచి తీసుకెళ్లారు. "కావాలంటే పళ్లు కూడా లెక్కపెట్టుకోండి" అంటూ టైలరమ్మే అందరికంటే ముందు నోరు తెరిచింది.

ఆవిడదే కలిసింది.

ఇంకేముంది. కుట్టడానికిచ్చినవాళ్లు సగం కత్తిరించిన గుడ్డల్ని అలాగే పట్టుకుపోయారు. ఎదురింటావిడ తన మొగుడి కొలత చొక్కాని గుమ్మం అవతలి నుంచే అడిగి తీసుకుంది, లోపలికొస్తే దొంగతనం అంటుకుంటుందన్నట్టు. అది చాలదన్నట్టు, బస్సు డిపోలో పనిచేసుకుంటున్న టైలరమ్మ కొడుకుని పోలీసులు పట్టుకుపోయారు. మెషిన్ మీద గుడ్డ మెషిన్ మీదే వదిలేసి, మెడలో టేపుతోనే స్టేషన్‌కి పరుగెత్తింది.

"కలిసింది నా ఉమ్మి అయితే నన్ను పట్టుకోండి. వాణ్ణెందుకు తెచ్చారు?"

ఇన్‌స్పెక్టర్ తల ఎత్తలేదు. "గుండీ మీద మగాడి చెమట కూడా ఉందమ్మా. అతను నీకు రక్తసంబంధమట. ఇంక నీ కొడుకు కాక ఎవరు?"

"నా కొడుకు చీమ ఎదురొస్తే పక్కకి తప్పుకుంటాడు. వాడు ముసలాయన్ని తోశాడా?"

"తల్లులందరూ అదే చెప్తారు."

"వినడానికి మీకు చెవులుంటే కదా, ఏ తల్లి ఏం చెప్పిందో తెలియడానికి."

బెంచీ మీద కూలబడింది. కబురు తెలిసి తమ్ముడొచ్చాడు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు.

"అక్కా, నా మాట విను. మేనల్లుడు కుర్రాడు. తప్పయిపోయిందని ఒప్పేసుకుంటే తక్కువలో పోతుంది. సాగదీస్తే జీవితం పాడవుతుంది."

"చెయ్యని తప్పు వాడెందుకు ఒప్పుకోవాలిరా?"

"మంచికే చెప్తున్నానక్కా. వాడికి నేను మాత్రం పరాయివాణ్ణా?"

అంతలో ల్యాబు మేడమ్ వచ్చింది. నిన్నో మొన్నో కాలేజీ దాటినట్టున్న పిల్ల. టైలరమ్మ ఆమె మీద విరుచుకుపడింది. "దూదిపుల్ల నోట్లో పెట్టి నా కొంప ముంచింది నువ్వేనా?"

ఆ పిల్ల నొచ్చుకోలేదు. బల్ల మీద కాయితం పరిచింది. "కూర్చోండమ్మా, చెప్తాను. మన ఒంట్లో సన్నటి దారం లాంటిది ఉంటుంది. అందులో కొన్ని చోట్ల ఒకే చిన్న కుట్టు మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకచోట మీకు పదకొండు సార్లు వస్తే నాకు పద్నాలుగు సార్లు రావచ్చు. ప్రతిచోటా రెండు వరసలు. ఒకటి అమ్మిచ్చింది, ఒకటి నాన్నిచ్చింది. ఏదో ఒకచోట ఎవరితోనైనా కలుస్తాం. చూసిన చోట్లన్నీ కలిశాయంటే, అచ్చం ఒకేలా పుట్టిన కవలలు కాకపోతే, ఆ మనిషే."

"అంచు కుట్టు లెక్కన్నమాట. సరే. మరి ఆ మగాడెవడు?"

"చెమట కొంచెమే దొరికింది. కొన్ని చోట్లే తేలాయి. మీ దగ్గరి రక్తం అని చెప్పగలను, ఫలానా అని చెప్పలేను. మీ అబ్బాయి నమూనా ఇప్పుడే తీసుకున్నాం. ఫలితానికి టైం పడుతుంది."

"అందాకా లోపలే" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇంకో సంగతి" అంది ఆ పిల్ల. "మీ ఉమ్మి గుండీ పైన లేదు, దారం ముడి లోపల ఉంది. ఊరికే తాకితే అక్కడికి చేరదు. ఎలా చేరిందో మీరే చెప్పాలి." గుండీ ఫొటో ముందు పెట్టింది.

ఆకుపచ్చ గుండీ. నల్లదారం. అడ్డంగా రెండు పోగులు, కింద మూడు చుట్లు. తన చేతి కుట్టు తనకి తెలియదా. నల్లచొక్కాకి నల్లగుండీ దొరక్కపోతే, పొట్ట దగ్గరదేగా, లోపలికి దోపుకుంటే ఎవడు చూస్తాడు అన్నాడు వాడు. చొక్కా విప్పే తీరిక కూడా లేదన్నాడు. నిలబెట్టే కుట్టింది. కదలకురా, గుచ్చుకుంటుంది అంటూ వంగి, వాడి పొట్ట దగ్గర నోరు పెట్టి దారం కొరికింది.

బెంచీ వైపు తిరిగింది.

"ఒరే, పచ్చగుండీ చొక్కా ఏదిరా?"

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అక్కా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంటికెందుకు? వినాల్సినవాళ్లంతా ఇక్కడే ఉన్నారు."

"నువ్వు నోరు తెరవకపోతే ఎవరికీ తెలీదక్కా" అన్నాడు గొంతు తగ్గించి.

"నోరు తెరిచే ఇంతదాకా తెచ్చుకున్నాను, ఇంకాస్త తెరుస్తాను. ఊచలు వంచావు, ముసలాయన్ని పడగొట్టావు, అది వీళ్లు చూసుకుంటారు. నా పక్కన కూర్చుని, నా భుజం మీద చెయ్యేసి, నా కొడుకుని ఒప్పుకోమన్నావే, అది నేను చూసుకుంటాను." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఆ గుండీ కుట్టింది నేను. చొక్కా వీడిది. రాసుకోండి. రాసుకుని నా కొడుకుని బయటికి పంపండి."

చొక్కా తమ్ముడి ఇంట్లోనే దొరికింది. కొడుకు మళ్లీ డిపోకెళ్తున్నాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్ తన యూనిఫాం గుండీలు కుట్టమని కానిస్టేబుల్‌తో పంపిస్తే, "నా ఉమ్మి అంటుకుంటుందని చెప్పు" అని తిప్పి పంపింది. కొలత చొక్కాతో వచ్చిన ఎదురింటావిణ్ణి కూడా గుమ్మం అవతలే నిలబెట్టింది.

ఒకరోజు మరదలు జైలుకి తీసుకెళ్లాల్సిన చొక్కా తెచ్చింది. "వదినా, గుండీ ఊడింది. నువ్వు కుడితేనే నిలుస్తుందంటాడు." టైలరమ్మ అందుకుంది. దారం కొస నీళ్లగిన్నెలో ముంచి సూదిలోకి ఎక్కించింది. అడ్డంగా రెండు పోగులు, కింద మూడు చుట్లు, ఎప్పటిలాగే గట్టిగా కుట్టింది. ముడి వేశాక అలవాటుగా తల వంగింది. అక్కడే ఆగి, చెయ్యి చాచి కత్తెర అడిగింది.