కాశమ్మ మీద సాక్ష్యం

పెళ్లి పందిట్లో మూడు వందల మంది చూస్తుండగా తోడికోడలు కాశమ్మ తన చేతిలోంచి పసుపు కుంకుమల పళ్లెం లాక్కున్న రోజే సరస్వతమ్మ మనసులో గట్టిగా అనుకుంది, దీన్ని ఊళ్లో తలెత్తుకోకుండా చేయకపోతే నేను సరస్వతినే కాదని.

కాశమ్మ అరవలేదు. మామూలుగానే అంది. "నువ్వు ముట్టొద్దులే సరస్వతీ. నీ దేవుడు వేరు గదా."

పెళ్లికొడుకు శ్రీకాంత్ కాశమ్మ కన్న కొడుకే అయినా, వాడికి నలుగు పెట్టి నీళ్లు పోసి పెంచింది సరస్వతమ్మ. ఆమెకు పిల్లల్లేరు. అలాంటి బిడ్డ పెళ్లిలో, కొత్త కోడలికి బొట్టు పెట్టబోతున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మూడు వందల మందిలో ఒక్కరు నోరు తెరవలేదు. భర్త రంగయ్య పక్కనే ఉన్నాడు. సెల్లు తీసి అందులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

వాళ్ల ఊరు బేస్తవారిపేట నుంచి ఆటోలో అరగంట. రంగయ్యదీ, కాశమ్మ మొగుడైన అతని అన్నదీ అప్పట్లో ఒకే ఇల్లు, ఉమ్మడి సేద్యం, వాన పడితే కంది, బోరు పోస్తే మిరప. ఆ పెళ్లికి మూడేళ్ల ముందు సరస్వతమ్మకు టీబీ వచ్చింది. దగ్గితే రక్తం పడేది. ఇంట్లో వాళ్లకు అంటుకుంటుందని కాశమ్మ ఆమెను దొడ్లో ట్రాక్టరు పెట్టుకునే రేకుల షెడ్డులోకి మార్చింది. నాలుగు నెలలు అక్కడే. రంగయ్య వాకిట్లో నిలబడి "ఎట్ల ఉండాది?" అని అడిగి పోయేవాడు.

లోపలికి వచ్చి పక్కన కూర్చున్నది ఓబులమ్మ ఒక్కతే. వాళ్ల చేలో మిరపకాయలు కోయడానికి ఊరవతల దళితుల పాలెం నుంచి వచ్చే మనిషి. కోత అయిపోయాక షెడ్డులోకి వచ్చి, రాగి జావ తాగించి, తల దువ్వి, తన ప్రభువుకు చెప్పుకొని పోయేది. ఆ ప్రార్థనలో పెద్ద మాటలేమీ ఉండేవి కావు. "ఈ బిడ్డ దగ్గు ఆపు నాయనా, రేపు పనికి రావాల నేను, నువ్వే చూసుకో" అనేది. సర్కారు ఇచ్చిన మాత్రలు ఆరు నెలలు వేసుకుంది సరస్వతమ్మ. బతికింది. బతికాక బేస్తవారిపేట ప్రార్థన మందిరానికి పోయి బాప్తిస్మం తీసుకుంది. ఆ తర్వాత అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టారు. తనను వదిలేయని వాడొకడున్నాడని ఆమె నమ్మింది. అందులో అబద్ధం లేదు.

అబద్ధం పెళ్లి తర్వాత మొదలైంది.

పెళ్లయిన మూడో ఆదివారం పాస్టరు జీవానందం గారు ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు, ప్రభువు తనకు చేసిన మేలు అందరి ముందూ చెప్పమని. ముందెప్పుడూ మైకు పట్టుకోని మనిషి లేచింది. టీబీ గురించి, షెడ్డు గురించి చెప్పింది. షెడ్డు మాట రాగానే ఆడవాళ్లు ముక్కులు చీదుకున్నారు. "ఎంత కష్టపడినావక్కా" అంటూ ప్రార్థన అయ్యాక ఇరవై మంది చేతులు పట్టుకున్నారు. పందిట్లో నోరు మెదపని మూడు వందల మంది గుర్తొచ్చారు ఆమెకు. ఆ రోజు ఇంటికి వస్తూ ఆటోలో తనలో తాను నవ్వుకుంది.

తర్వాత కంభంలో పిలిచారు. అక్కడ నాలుగు నెలలు ఎనిమిది అయ్యాయి. ఆ తర్వాత గిద్దలూరు. అక్కడ మంచినీళ్లు కూడా ఇవ్వలేదని చెప్పింది. పెద్దింటి ఆడమనిషి ఇల్లూ వాకిలీ లెక్క చేయకుండా ప్రభువు దగ్గరికి వచ్చిందని జీవానందం గారు పరిచయం చేస్తుంటే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. చెప్పిన ప్రతిసారీ ప్రభువు మాట కాస్త తగ్గేది, కాశమ్మ మాట కాస్త పెరిగేది. పెళ్లయిన ఏడాదికి తర్లుపాడులో చెప్తుండగా దానంతట అదే నోట్లోంచి వచ్చింది. "మా ఇంట్లో కుక్కకు పెట్టే గిన్నెలో నాకు కూడు పెట్టినారు."

పందిరంతా ఒక్కసారి మూలిగింది. ముందు వరసలో ఒక ముసలామె గుండెలు బాదుకుంది. ఆ మూలుగు సరస్వతమ్మకు తేనెలా అనిపించింది. మరుసటి ప్రార్థన కూటానికి ముందు జీవానందం గారే గుర్తు చేశారు. "అక్కా, ఆ గిన్నె సంగతి మర్చిపోవద్దు."

మందిరంలో కీబోర్డు వాయించే డానీ దాన్ని వీడియో తీసి యూట్యూబులో పెట్టాడు. వారంలో ఊరంతా చూసింది. కాశమ్మ పాలకేంద్రానికి వస్తే మాటలు ఆగిపోయేవి, వెనక్కి తిరగ్గానే నవ్వులు. కుక్కగిన్నె కాశమ్మ అని పేరు పడిపోయింది. శ్రీకాంత్‌కు కొడుకు పుట్టి, ఆ మనవడికి పేరు పెట్టే రోజున పిలిచిన వాళ్లలో సగం మంది రాలేదు. వచ్చిన వాళ్లు విస్తళ్ల ముందు కూర్చొని గిన్నెల వంక చూసి మోచేతులతో పొడుచుకున్నారు. కాశమ్మ తిండి మానేసిందనీ, గడప దాటడం లేదనీ రంగయ్య నెమ్మదిగా చెప్పాడు.

"నేనూ నాలుగు నెల్లు గడప దాటలా," అంది సరస్వతమ్మ. ఆ రోజు కావాలనే మంచి చీర కట్టుకొని బావ ఇంటి ముందు నుంచి రెండుసార్లు నడిచింది.

మార్కాపురంలో మూడు రోజుల మహాసభలకు పిలుపు వచ్చింది. ఆఖరి రోజు ఆమె సాక్ష్యం. బయలుదేరే ముందు రోజు పొద్దున ఓబులమ్మ ఇంటికి వచ్చింది. మందిరంలో అందరూ సరస్వతమ్మను అక్కా అనే పిలిచేవారు. ఓబులమ్మ మాత్రం ఇప్పటికీ అమ్మా అనే అనేది. అలా అనొద్దని సరస్వతమ్మ ఎన్నడూ చెప్పలేదు.

"నా మనవరాలు సెల్లులో చూపిచ్చిందమ్మా. కుక్కగిన్నె ఏంది? స్టీలు ప్లేటు గదా. రోజూ కడిగింది నేనే."

"ఏదో ఒకటిలే ఓబులమ్మా."

"మీ తోడికోడలు, ఆ పెద్దమ్మే మధ్యాన్నం కూడు తెచ్చి గడప కాడ పెట్టేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నువ్వు తినిందాకా ఎండలో నిలబడేది. భయం ఆయమ్మకు. భయమే గానీ కూడు మానలా."

సరస్వతమ్మకు ఒళ్లు మండింది. "పళ్లెం లాక్కున్నప్పుడు నువ్వు పందిట్లో ఉంటే తెలిసేది నీకు."

"నన్ను పందిట్లోకి రానిచ్చేదెవరమ్మా?" అంది ఓబులమ్మ. కోపంగా కాదు. "ఎంగిలాకులు తీసేటోళ్లతో గోడవతల కూచోనుంటి. ఒక్క పళ్లేనికే నువ్వు ఇంత పగబడితివి. నేను ఎంతమంది మీద పట్టాల? పదేండ్ల కిందట ఎండకు దప్పికై అడిగితే చెంబు నా చేతికియ్యకుండా దోసిట్లో ఎత్తి పోసింది ఎవురు? నువ్వే గదా. నేను ఏ మైకులో చెప్పినా?"

సరస్వతమ్మ ప్రయాణపు సంచిలో చీర సర్దుకోసాగింది. ఓబులమ్మ గుమ్మం దాకా పోయి ఆగింది. "నువ్వు ప్రభువు గురించి చెప్తుండావో, మీ అక్క గురించి చెప్తుండావో నాకు తెలీకుండా పోయిందమ్మా. నాకు చదువు రాదు. నువ్వే చూసుకో."

మర్నాడు మార్కాపురం పోయే బస్సులో సరస్వతమ్మ ఓబులమ్మనే తిట్టుకుంది. జావ తాగించినంత మాత్రాన నాకు బుద్ధి చెప్తుందా అనుకుంది. గిన్నె సంగతి ఇంకా గట్టిగా చెప్పాలనే అనుకుంది. సాయంత్రం స్టేజీ ఎక్కేదాకా అదే పట్టుదల. ఎదురుగా వేలమంది. జీవానందం గారి పరిచయం, చప్పట్లు. షెడ్డు దాకా బాగానే చెప్పింది. జనం చూపుల్లో గిన్నె కోసం ఎదురుచూపు కనిపించింది. వీడియో చూసి వచ్చినవాళ్లే చాలామంది. ముందు వరస ఆడవాళ్లు అప్పటికే కొంగులు చేతిలోకి తీసుకున్నారు. ఏడవడానికి సిద్ధమై కూర్చున్న ఆ ముఖాల వంక ఒక్కొక్కటిగా చూసింది. తనేం చెప్తే వాళ్లకు నచ్చుతుందో తెలుసు. అదొక్కటే తెలుసు. షెడ్డులో తన పక్కన ఉన్నాడని నమ్మిన ప్రభువు ముఖం ఎంత వెతికినా తోచలేదు.

"గిన్నె అబద్ధం," అంది.

మైకు కీచుమంది. ఆమె మళ్లీ అంది. "కుక్కగిన్నె అబద్ధం. మా అక్క నాకు స్టీలు ప్లేటులో కూడు పెట్టింది. మా అక్క మీద కసితో చెప్పినా. మీరు ఏడుస్తుంటే బాగుండి చెప్పినా. నేను గూడా ఒక మనిషికి నీళ్లు దోసిట్లో పోసినా. ఆ మనిషే నన్ను బతికిచ్చింది. ఆమె పేరు నేను ఏ ఊళ్లోనూ చెప్పలా. ఓబులమ్మ."

ఒక్క స్తోత్రం వినిపించలేదు. దోసిలి మాటకు ముందు వరసలో కొందరు ఇబ్బందిగా కదిలారు. జీవానందం గారు చెయ్యి ఊపగానే డానీ కీబోర్డు అందుకున్నాడు. స్టేజీ దిగాక పాస్టరు గారు ముఖం చూడకుండా అన్నారు. "ఇదేదో ముందు ఇంటికాడ నాకు చెప్పాల్సింది గదక్కా." మళ్లీ ఆమెను ఎక్కడికీ పిలవలేదు. డానీ ఆ రోజు మాటలు యూట్యూబులో పెట్టలేదు. పాత వీడియో తీసేయమంటే, దాన్ని ఇప్పటికే చాలామంది చూసేశారక్కా, తీసి ఏం లాభం అన్నాడు.

ఊరికి తిరిగొచ్చిన రెండో రోజు సరస్వతమ్మ కాశమ్మ ఇంటికి పోయింది. కాశమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉంది. చిక్కిపోయింది. ఆ చిక్కడం చూసి లోపల ఒక మూల ఇంకా సంతోషం పుట్టింది. దాన్ని సరస్వతమ్మ గుర్తుపట్టింది.

"మార్కాపురంలో అంతమందిలో చెప్పినానక్కా, గిన్నె అబద్ధమని. కానీ పళ్లెం లాక్కున్నావు చూడు, అది మాత్రం నేను మరవను."

కాశమ్మ ఇటు తిరిగింది. కళ్లల్లో నీళ్లు లేవు, మంట ఉంది. "మార్కాపురంలో చెప్తే ఎవురికి కావాల? నా బతుకు మార్కాపురంలో ఉండాదా?"

మర్నాడు తెల్లవారి పాలకేంద్రం ముందు క్యాన్లు పట్టుకొని ఆడవాళ్లు వరసలో ఉండగా సరస్వతమ్మ వాళ్ల మధ్యకు పోయి నిలబడింది. మైకు లేదు. చెప్పాల్సింది చెప్పింది. ఒకామె నవ్వింది. ఇంకొకామె, "అన్నదమ్ములు మళ్లీ ఒకటైనట్టుండారు, అందుకే మాట మార్చింది," అంది. పాలు పోయించుకునే మల్లి లెక్క రాసుకుంటూ తల కూడా ఎత్తలేదు. సరస్వతమ్మ రెండోసారి చెప్పింది, ఈసారి ఇంకొంచెం గట్టిగా.