పాల సొర పొట్టలో

2012 వానాకాలం. గుండ్లపోచంపల్లిలో మా అద్దె ఇంట్లో, అప్పుడే పుట్టిన నా కూతురు నా దగ్గర పాలు తాగడం లేదు. రెండు గుక్కలు లాగుతుంది, వదిలేసి ఏడుస్తుంది. నర్సు డబ్బా పాలు పట్టమంది, పడుతున్నాం. ఆ డబ్బాను చూస్తేనే నాకు ఒళ్లు మండేది. ఈ పిల్లకు నేను నచ్చలేదని ఖాయం చేసుకున్నాను.

పై వాటాలో కాకినాడ వైపు ఆవిడ ఉండేది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. వాళ్ల తమ్ముడు ఊరి నుంచి ఐసు పెట్టెలో పాల సొర చేపలు తెచ్చాడు. మూరెడు కూడా లేని పిల్ల సొరలు. తమ వైపు బాలింతలకు పాలు పడాలని ఇవే వండి పెడతారంటూ రెండు మాకిచ్చి, ఇప్పుడే వస్తానని పైకెళ్లింది.

నా కాన్పుకని వచ్చిన అమ్మకు తెలిసినవి శామీర్‌పేట చెరువు చేపలే. కొర్రమట్టను తోమినట్టే సొరకు బూడిద పూసి బండ మీద బరబరా రుద్దింది. సొరకేమీ కాలేదు గానీ అమ్మ అరచేతులు గీరుకుపోయాయి.

“గిదేం చాపనే! పొలుసు లేదు గని ఒళ్లంత ఆకురాయి లెక్కున్నది!”

కాన్పయ్యాక మొదటిసారి నవ్వాను. కుట్లు చురుక్కుమన్నాయి.

ఆవిడ దిగొచ్చి చూసి తల పట్టుకుంది. “అయ్యో పిన్నిగారూ, వేణ్నీళ్లు పోసి గీకాలండీ.” తనే కత్తి అందుకుంది. మొదటి సొర పొట్ట కోస్తే చిన్న రొయ్యలు, సగం అరిగిన చేపపిల్ల బయటపడ్డాయి.

“గింత పిల్లకు గివన్ని ఎవలు వెట్టిన్రు?” అంది అమ్మ.

“ఎవరూ పెట్టరండీ. ఒడ్డు దగ్గర లోతులేని నీళ్లలో కనేసి తల్లి వెళ్లిపోద్ది. అక్కడ దొరికినవి పిల్లలే పట్టుకు తింటాయి.”

రెండోది ఇంకా చిన్నది. దాని పొట్టలో ఏమీ లేదు.

“ఇదేం తినలేదా?” అన్నాను.

ఆవిడ కత్తి మొనతో దాని కాలేయం ఎత్తి చూపించింది. బాగా బలిసి ఉంది. “దీనికింకా వేట రాలేదు. నేర్చుకునేదాకా సరిపడా కొవ్వు తల్లి కడుపులోనే పెట్టుకుని పుడతాయి. పుట్టగానే అన్నీ వచ్చేస్తాయా ఏంటి, అమ్మాయ్?”

నా పిల్లకు ఇంకా రాలేదేమో అన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. అలిగి కూర్చున్నాను, అంత పసిదాని మీద.

వెల్లుల్లి దట్టించి వండిన సొర పొడి కూర అన్నంలో కలుపుకుని కడుపునిండా తిన్నాను. మధ్యాహ్నం పిల్లను తీసుకున్నాను. వదిలేసింది, ఏడ్చింది. డబ్బా కోసం నేను అమ్మను కేకేసే ఘడియ వచ్చింది. కేకేయలేదు. పిల్ల ముఖం అటూ ఇటూ తిప్పి వెతుక్కుంది, దొరకబుచ్చుకుంది, మళ్లీ జారవిడిచింది, మళ్లీ పట్టుకుంది. ఈసారి గుటకల చప్పుడు వినబడింది. సంతోషం పట్టలేక నోరు తెరవబోయాను.

గీరుకుపోయిన అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్న అమ్మ కళ్లతోనే ఆపింది.

“సప్పుడు చెయ్యకు బిడ్డా. నేర్చుకుంటాంది.”