సింహాచలమ్మ మమ్మల్ని సంతలో తిప్పిన రోజులు

దంతెవాడలో మేముండే వీధిలో ఎవరింట్లో నెత్తళ్ళు వేయించినా ఆ వాసన ముందు నా కడుపులోకి దిగుతుంది, ముక్కుకు తర్వాత తెలుస్తుంది. నిన్న మధ్యాహ్నమూ అంతే. పక్కింటావిడ మూకుడులో ఎండుమిరపకాయలు వేసి, చేపలు వేసింది. ఆ ఘాటు కిటికీలోంచి రాగానే నేను ఉతికిన బట్టలు మడత పెడుతున్నదాన్ని అలాగే ఆగిపోయాను. ఎవరో వాకిట్లో జీపు ఆపినట్టు గుండె దడదడలాడింది. ఇన్నేళ్ళయినా ఈ వాసనకు నా ఒళ్ళు ముందు భయపడుతుంది, ఆ తర్వాత ధైర్యం తెచ్చుకుంటుంది. ఆ రెండూ నాకు ఒకే మనిషి దగ్గర అలవాటయ్యాయి. ఆమె పేరు సింహాచలమ్మ. గీదం సంతలో ఎండుచేపలు అమ్మేది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే మరిచిపోయేవారు కాదు, ఎందుకంటే ఆమెతో ఏదో ఒక తగువు పడకుండా బయటపడ్డవాళ్ళు తక్కువ.

మాది పామేడు అవతల అడవిలో ఒక ఊరు. దాని పేరు రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు. మా నాన్న కన్నయ్యకు అక్కడి దారులన్నీ తెలుసు. ఒకసారి తుపాకులున్నవాళ్ళు వచ్చి దారి చూపించమంటే చూపించాడు. చూపించనని ఎవరనగలరు? కొన్నాళ్ళకు వాళ్ళంటే పడని వేరే తుపాకులవాళ్ళు వచ్చి, దారి చూపించిందెవరని అడిగారు. ఎవరిది ఏ పక్షమో నేనిక్కడ చెప్పను, మాకు రెండు వైపులా ఒకటే భయం. నాన్నతో పాటు దారి చూపించిన మా చిన్నాన్న కట్టెలకని వెళ్ళి తిరిగి రాలేదు. ఆ మర్నాడే అమ్మ ఉడుకుతున్న అన్నం పొయ్యి మీద వదిలేసి మమ్మల్ని బయల్దేరదీసింది. చర్ల మీదుగా భద్రాచలం చేరాం. అక్కడా మా వైపువాళ్ళు ఒకరిద్దరు నాన్నను గుర్తుపట్టి పలకరించారు. ఆ పలకరింపులకే ఆయన ముఖం పాలిపోయింది. ఎవరికీ తెలియని చోటికి పోవాలని పట్టుబట్టాడు. కుంట మీదుగా వచ్చే బస్సెక్కి, అది ఆగిన చోటల్లా ఇక్కడ వద్దు, ఇక్కడ వద్దు అంటూ చివరికి గీదంలో దిగాం.

ఆ రోజు అక్కడ సంత. అంత జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. చుట్టూ హిందీ, హల్బీ. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆకలికి ఏడుపందుకున్నాను. అమ్మ నా నెత్తి మీద ఒక్కటిచ్చి, "నోర్ముయ్యవే ముత్తీ, ఎవలన్న ఇంటరు" అంది. చేపల బుట్టల వెనక నుంచి ఒక పెద్ద గొంతు లేచింది.

"ఓలమ్మా, తెలుగోలా మీరు?"

అమ్మ బెదిరిపోయి, "మేం తెలుగోళ్ళం గాదు" అని తెలుగులోనే చెప్పింది. ఆ బుట్టల వెనకున్న లావుపాటి ఆడమనిషి భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆ నవ్వు ఆగాక మమ్మల్ని ఒకసారి పైనుంచి కిందకి చూసింది. నాన్న తలగుడ్డ కళ్ళ దాకా లాక్కుని ఉండటం చూసింది. "కాదులే, కాదులే. తెలుగోలు కానోలు తినకూడదని ఏటీ నేదు. నీడకొచ్చి కూకోండి" అని తపేలాలోంచి చోడంబలి, అంటే రాగి అంబలి, వంచి ఇచ్చింది. ఏ ఊరు, ఎందుకొచ్చారు అని అడగలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాతా ఎప్పుడూ అడగలేదు. అమ్మకు ఆమె మీద మొదట నమ్మకం కుదిరింది అందుకే.

ఆమె ఇంటి వెనక రేకుల గది ఒకటుండేది. మాకు ముందు అందులో ఎవరో ఉండి వెళ్ళారు, వాళ్ళకు ముందు ఇంకెవరో. అడవి లోపలి ఊళ్ళ నుంచి ఏమీ లేకుండా బస్సు దిగినవాళ్ళు మేమొక్కళ్ళమే కాదు. సంత ముగిసే వేళకు సింహాచలమ్మ ఒక బుట్ట పట్టుకుని వరస వెంట నడిచేది. చింతపండు అమ్మే ఆడవాళ్ళు, కూరగాయలవాళ్ళు, బియ్యం కొట్టువాడు తమ దగ్గర మిగిలిన దాంట్లోంచి తలా ఒక దోసెడు అందులో వెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ వారం అదే తిండి. వెయ్యనివాణ్ణి అక్కడే నిలబెట్టి తనకొచ్చిన నాలుగు భాషల్లోనూ తిట్టేది. ఆ నోటికి జడిసి వేసినవాళ్ళున్నారు, ఆమె ఎప్పుడో తమకూ అలాగే పెట్టిందని వేసినవాళ్ళూ ఉన్నారు. అమ్మకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆమే, నన్ను బడిలో చేర్చమని హెడ్మాస్టరు గుమ్మంలో కూర్చున్నదీ ఆమే. హెడ్మాస్టరు ఆ చేపల వాసనకు తట్టుకోలేక చేర్చుకున్నాడని ఆమే చెప్పుకుని నవ్వేది.

అయితే ఆమెకొక పట్టుదల ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళను మొదటి సంత రోజునే వెంటబెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పాలి. ప్రతి కొట్టు దగ్గరా ఆగి, మా చెల్లెలు, మా అన్న, మా మేనకోడలు అని ఏదో ఒక వరస కలిపి చెప్పాలి. అమ్మనూ నన్నూ అలాగే తిప్పింది. నాన్న మాత్రం గది దాటలేదు. పగలల్లా తలుపు చాటున కూర్చుని, రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా ఊపిరి బిగపట్టేవాడు. నేను దగ్గితే నా నోరు మూసేవాడు. ఆయన చెయ్యి చల్లగా, చెమటగా ఉండేది. మా నాన్నంటే నాకు భయం లేదు కాని, ఆ చేతిలోని భయం నాకూ అంటుకుంది. నేనూ బళ్ళ చప్పుళ్ళు వినడం మొదలుపెట్టాను. ఏది లారీయో ఏది జీపో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

ఒక సాయంత్రం సింహాచలమ్మ వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"కన్నయ్యా, రేపు సంతకి రా."

"నలుగురు జూస్తే నేను బతకనక్కా. నీకు దెల్వదు."

"నాకు తెలవదా?" అంది. ఆ పెద్ద గొంతు అంత చిన్నదైపోవడం నేను అప్పుడే విన్నాను. "మా ఆయన శ్రీకాకులం నుంచి బచేలి గనుల్లో పనికొచ్చినాడు. కాంట్రాక్టరు కింద. వొచ్చిన కొత్త, ఎవులితోటీ మాటాడేవోడు కాడు, సిగ్గు. ఒకనాడు సంతకని ఎల్లి రానేదు. నాను ప్రతి కొట్టుకాడికీ ఎల్లి అడిగినాను. ఎవులు, ఎలాగుంటాడు అని అందరూ నన్నే అడిగినారు. నల్లగా, పొట్టిగా ఉంటాడన్నాను. అలాటోలు సంతనిండా ఉన్నారన్నారు. సూసినోలు నేకపోతే మనిసి నేనట్టే, కన్నయ్యా. నువ్వీ గదిలో సచ్చినా అంతే, బతికినా అంతే."

మర్నాడు నాన్న లేచి, మొహం కడుక్కుని, ఆమె వెనక నడిచాడు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను. ఆమె ఆయన తలగుడ్డ లాగి భుజాన వేసి, "మా తమ్ముడు! శ్రీకాకులం నుంచి వొచ్చినాడు! సూడండి!" అని అరుస్తూ పోయింది. మనుషులు తలలు తిప్పి చూసినప్పుడల్లా నాన్న ఒళ్ళు ముడుచుకునేది. బుట్టలు అల్లే బుద్రు లేచి నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు. పప్పులమ్మే ముసలమ్మ ఆయన గడ్డం పట్టుకుని ఏదో అంది. నాన్న వీపు చొక్కా నిలువునా తడిసిపోయింది. నాకు అందరి మీదా ఒళ్ళు మండింది. ఇలా అందరూ చూస్తున్నారు కదా, వీళ్ళలో ఎవడో ఒకడు వెళ్ళి చెప్పడా అని.

ఆ తర్వాత నాన్న బుద్రు దగ్గర వెదురు చీల్చే పనికి కుదిరాడు. టీ కొట్టు పెద్దాయనతో తలూపే దాకా వచ్చాడు. వానలు పడ్డాయి, ఆగాయి. భయం కొద్దిగా సడలింది అనుకుంటుండగానే జీపు వచ్చింది. మిట్ట మధ్యాహ్నం, నిండు సంతలో. దిగిన ఇద్దరూ నాన్నను పేరు పెట్టి పిలిచారు. ఆయన చేతిలో కత్తి కింద పెట్టి, అమ్మ వైపు ఒక్కసారి చూసి, ఎదురు మాట్లాడకుండా ఎక్కాడు. జీపు వెళ్ళిపోయింది. టీ కొట్టు పెద్దాయన కొట్టు రేకు కిందకి దించేశాడు.

అమ్మ పరుగున వెళ్ళి సింహాచలమ్మ జుట్టు పట్టుకుంది. "దాసుకున్న మనిషిని నువ్వే గదనే సంతల తిప్పినవ్! అందరికి సూపిచ్చి పట్టిచ్చినవ్! నా మొగుణ్ణి నాకు తెచ్చియ్యి!" అని వీపు మీద గుద్దింది. సింహాచలమ్మ ఆ దెబ్బలను ఆపలేదు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. అమ్మ అలిసిపోయి కూలబడ్డాక, ఆమె చేపల బుట్టలను అలాగే వదిలేసి నడవడం మొదలుపెట్టింది. వెనక ఎవరైనా వస్తున్నారా అని తిరిగి చూడలేదు. ముందు బుద్రు లేచాడు. చింతపండు ఆడవాళ్ళు గంపలు నెత్తికెత్తుకుని లేచారు. రాని వాళ్ళూ ఉన్నారు, వాళ్ళను నేనేమీ అనను. ఆ జీపులు వచ్చీ పోయే, ఊరి చివర ఎత్తు ప్రహరీ ఉన్న భవనం గేటు ముందు వాళ్ళంతా కింద కూర్చున్నారు. అమ్మ, నేను వాళ్ళ మధ్యలో.

అలాంటివాడెవడూ ఇక్కడ లేడని గేటు దగ్గరి మనిషి చెప్పాడు. ఆ మాట వినగానే నాకు చిన్నాన్న గుర్తొచ్చాడు.

సింహాచలమ్మ తనకొచ్చిన హిందీలో చెప్పింది. "గొడవకి రాలేదు బాబూ. వాడు మా తమ్ముడు. ఇదిగో ఈళ్ళందరికీ తెలుసు. ఒక్కపాలి కనిపించమను, ఎలిపోతాం."

వాడు నా దగ్గరే వెదురు చీలుస్తాడని బుద్రు చెప్పాడు. వాడికి ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఉంటుందని ఒకామె, వాడి కూతురు ఇదేనని నన్ను ముందుకు తోసి ఇంకొకామె చెప్పారు. లోపలి నుంచి ఇంకో మనిషి వచ్చి చూసి వెళ్ళాడు. ఎండ తగ్గింది. ఎవరూ లేవలేదు. అప్పుడు టీ కొట్టు పెద్దాయన కెటిల్ పట్టుకుని వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా అందరికీ టీ పోసి, తనూ చివర్న కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు గేటు తెరుచుకుంది. నాన్న బయటికొచ్చాడు. ఒక కాలు ఈడుస్తూ, కళ్ళు కిందకి వేసుకుని. లోపల ఏం జరిగిందో ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు.

దారిలో నేను సింహాచలమ్మ చెయ్యి పట్టుకున్నాను. అది మా నాన్న చెయ్యిలాగే చల్లగా, చెమటగా ఉంది. "అత్తా, నీకు భయం ఎయ్యలే?" అన్నాను.

"ఎందుకెయ్యదే గుంటా? ఈ సంత ఎనకాల రాదేమో అనుకున్నాను. మీ అమ్మ అన్నదే నిజమేమో అనుకున్నాను" అంది. నాలుగడుగులేశాక, "నాకిప్పటికీ తెలవదు" అంది.

మాకూ తెలియలేదు. సంతలో తిప్పినందుకే నాన్న దొరికాడా, సంతలో తిప్పినందుకే తిరిగొచ్చాడా? అమ్మ ఆ తర్వాత ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు. ఒకరోజు అమ్మ తనంతట తానే గిన్నెలో కూర పట్టుకెళ్ళింది. సింహాచలమ్మ ఉప్పెక్కువైందని తిట్టింది. దాంతో సర్దుకుంది.

నేను నర్సు చదువు ముగించే ఏడు ఆమె జబ్బుచేసి పోయింది. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టాక, పుట్టింటి చీర ఎవరు కప్పుతారని ఎవరో పెద్దావిడ అడిగింది. ఆమెకు శ్రీకాకుళంలో ఎవరూ మిగల్లేదు. నాన్న గోడ వారన కూర్చున్నవాడు లేచి బయటికి నడిచాడు. తలకు గుడ్డ లేదు. కాలు ఈడ్చుకుంటూ, ఒక్కడే, సంత మధ్యలోంచి బట్టల కొట్టుకు వెళ్ళాడు. నేను కాస్త దూరంలో వెనకే వెళ్ళాను. ఎవరికయ్యా చీర అని కొట్టువాడు అడిగాడు. మా నాన్న నోటి నుంచి అంత పెద్ద గొంతు నేను ఎప్పుడూ వినలేదు. "మా అక్కకు" అన్నాడు. నలుగురూ తిరిగి చూశారు. ఆయన చూడనిచ్చాడు. ఆ చీర తెచ్చి ఆమె మీద కప్పి, అంచులు సర్ది, అప్పుడు ఏడ్చాడు.

ఇప్పుడు నేను పగలు ఆస్పత్రిలో పనిచేస్తాను. గీదం సంత రోజు సెలవు పెట్టి, కొత్తగా బస్సు దిగినవాళ్ళతో తిరుగుతాను. మాలాగే అడవి లోపలి నుంచి వచ్చేవాళ్ళు, ఎప్పుడో సరిహద్దు దాటి తెలుగు వైపు వెళ్ళి ఇప్పుడు ఊరు వెతుక్కుంటూ తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళలో తలుపు చాటున కూర్చునే మనిషి ఒకడైనా ఉంటాడు. వాడి పెళ్ళాం నా వైపు, ఆ రోజు మా అమ్మ సింహాచలమ్మను చూసినట్టే చూస్తుంది. ఊరి పేరు అడగను. వాడి చెయ్యి పట్టుకుని సంతలోకి నడిచి, "మా అన్న" అని గట్టిగా చెబుతాను. ఆ మనిషిని కాపాడానో, పట్టిచ్చానో తెలియకుండానే ఇంటికొస్తాను. ఆ రోజు అన్నం సయించదు. వచ్చే సంతకు మళ్ళీ వెళ్తాను.