కండక్టర్ సీట్లో కూర్చున్న ఇంజనీరు

ఉదయగిరి కోట చూద్దామని సెలవు పెట్టి మరీ వెళ్లాను. ఆదివారం పొద్దున లాడ్జి ఎదుట ఇడ్లీ తింటుంటే ఆత్మకూరు నుంచి ఫోన్. అక్కడ ఒక ఆసుపత్రిలో స్కానింగులు చూసే గ్రేస్ మేడమ్.

"సార్, పాత ఎక్స్‌రే ఫొటోలు మళ్లీ తెరుచుకోవడంలా. తెర మీద చక్రం తిరగతానే ఉండాది. ఎముకల డాక్టరు ఆదివారమే వస్తాడు, రెండింటికి ఎల్లిపోతాడు."

ఆ ఫొటోలుండే మూడు సర్వర్లను బిగించింది నేనే. పోయిన వారం ఆమె ఫోన్ చేస్తే "ఆపి ఆన్ చేయండి" అన్నదీ నేనే. ఉన్నచోటి నుంచే సరిచేద్దామంటే, ఇంటర్నెట్ మీదుగా బయటివాళ్లెవరూ లోపలికి రాకుండా తలుపులన్నీ మూసిందీ నేనే.

పదీ ఇరవైకి ఆత్మకూరు మీదుగా పోయే నెల్లూరు బస్సెక్కాను. క్రిక్కిరిసిన బస్సులో ఒక్క సీటు ఖాళీగా ఉంది. ఎందుకుందో ఆలోచించకుండా కూర్చున్నాను. అది కండక్టర్‌ది. ఆమె వచ్చేసరికి లేచినా నిలబడే చోటు లేదు. "సరేలే అన్నా" అని జనంలోకి దూరింది.

పక్కన కూర్చున్నాయన పేరు కాదర్ భాయ్. కొయ్య గరిటెలు చెక్కే మనిషి, కుడి మణికట్టుకు కట్టు.

"ఉలి పట్టుకొని మూడు నెలలాయ అబ్బయ్యా. ఎముక అతికిందో లేదో పాత ఫొటో పక్కన పెట్టి చూడాలంట. పోయినవారం ఫొటో రాలేదని పంపించినారు. ఈసారీ రాకపోతే ఇంకో వారం చెయ్యి ముడుచుకొని కూర్చోవాల. ఆ కంప్యూటర్లు పెట్టినోడెవడో గానీ, వాడిని గరిటె కూడా చెక్కనియ్యకూడదు."

నేను కిటికీలోంచి కోట ఉన్న కొండకేసి చూశాను. ఆ విధంగా కోట చూడటం పూర్తయింది.

ఊరు దాటగానే బస్సు రోడ్డు పక్కన ఆగింది. జనం ఎక్కువైతే టిక్కెట్లన్నీ కొట్టేదాకా కదలకపోవడం ఇక్కడి పద్ధతి. ఎండ, ఉక్క. "ఎంతసేపమ్మా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఎవురికి ఇచ్చినానో, ఎవురు ఎక్కడ దిగతారో నిలబడి గుర్తుపెట్టుకోవాలంటే ఇట్టాగే ఉంటాది. నా సీటు నాకుంటే ఈపాటికి అయిపోయుండు," అంది కండక్టర్. "ఒకరు కూర్చున్నందుకు అరవై మంది ఆగినారు."

అరవై మందీ నన్ను చూశారు.

పన్నెండూ పదికి ఆసుపత్రి చేరి లాప్‌టాప్ తెరిస్తే కండక్టర్ మాటే గుర్తొచ్చింది. ఈ సర్వర్లలో ప్రోగ్రాములూ డిస్కులూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఒక్కోదానిలో కంట్రోలర్ అనేది ఒకటి, ఏ ఫొటో ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అందిస్తుంది. ఏదైనా దాని చేతి మీదుగానే రావాలి. దానికి ముప్పై రెండు జీబీ మెమరీ ఇమ్మని కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉంది. నేను పదహారు ఇచ్చి, మిగిలింది ఆసుపత్రి బిల్లింగు ప్రోగ్రాముకు కట్టబెట్టి, నాలుగో సర్వర్ కొనక్కర్లేదని ఆఫీసులో చప్పట్లు కొట్టించుకున్నాను. బిల్లింగు అందులో సగం కూడా ముట్టలేదు. నా కంట్రోలర్లు మూడూ సీటు లేక నిలబడే ఉన్నాయి.

బిల్లింగు నుంచి మెమరీ వెనక్కి లాక్కున్నాను. కంట్రోలర్లను ఒక్కొక్కటే ఆపి, పెంచి, అది మిగతా రెండింటితో కలిసేదాకా ఆగాలి. రెండింటిని ఒకేసారి ఆపితే అంతా మూతపడుతుంది. మొదటిది పన్నెండూ యాభైకి, రెండోది ఒకటీ పదిహేనుకు లేచాయి. అద్దం తలుపు అవతల బెంచీ మీద కాదర్ భాయ్ గడియారం చూస్తున్నాడు. ఆయనతో కళ్లు కలపడానికి సిగ్గేసింది. మూడోది ఒకటీ నలభైకి లేచింది.

"వచ్చినాది సార్!" అంది గ్రేస్ మేడమ్. డాక్టరు రెండు ఫొటోలూ చూసి, ఎముక అతికిందన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సంచి లాడ్జిలోనే ఉంది కాబట్టి మూడుంబావుకు మళ్లీ ఉదయగిరి బస్సు. నాకన్నా ముందే ఎక్కిన కాదర్ భాయ్ కట్టు విప్పిన చేతిని మూసి తెరిచి చూపించాడు.

"నువ్వేనంట కదా. గ్రేసమ్మ చెప్పినాది."

"నేనే భాయ్. తప్పు నాదే."

"పొద్దున అన్నమాట వెనక్కి తీసుకోను. ఇంటికొచ్చి టీ తాగి పో." పక్కకు చూపించాడు. "నిలబడినావేంది? అదో, సీటు ఖాళీగా ఉండాదిగా."

ఉంది. కిటికీ పక్కనే. ఈసారి ఎందుకు ఖాళీగా ఉందో నాకు తెలుసు. ఉదయగిరి వెళ్లాలనుకునేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: ఆత్మకూరు నుంచి గంటన్నర దారి, నిలబడి కూడా హాయిగా వెళ్లవచ్చు.