డ్రైవర్ మూత

మా చిన్నాన్న సైన్యంలో ట్యాంకు నడిపి వచ్చిన మనిషి. చోడవరం కాంప్లెక్సులో మాడుగుల బస్సు కోసం కూర్చున్నప్పుడల్లా నేను ఫోనులో బొమ్మ ట్యాంకు కిట్లు చూపించేవాణ్ణి, ఒకటి కొని ఇద్దరం కలిసి కడదామని. ఏది చూపించినా ఫిరంగి కింద వేలు పెట్టి ఒకటే అడిగేవాడు.

"ఇందల డ్రైవరేడిరా?"

"పైన మనిషి నిలబడ్డాడు కదా, చిన్నాన్నా!"

"ఆడు కమాండరు. గాలంతా ఆడికే. మేం మూతేసుకుని లోపల ఉడికిపోయేవోళ్ళం."

అలా ఒక్కటీ నచ్చకుండానే చిన్నాన్న పోయాడు.

మొన్నామధ్య డ్రైవర్ మూత తెరుచుకునే కిట్టు దొరికింది. ఒక్కణ్ణే కట్టాను. కమాండరు బొమ్మను డబ్బాలోనే వదిలేశాను. డ్రైవర్ మూతను మాత్రం బార్లా తెరిచి జిగురుతో అతికించేశాను. ఇక దాన్ని ఎవరూ మూయలేరు.